తప్పు ఒప్పుకున్న మంత్రసాని

తంబళ్లపల్లె పక్క పల్లెల్లో మా అవ్వ బయ్యమ్మ చేతుల మీద పుట్టనివాళ్లు తక్కువ. సేద్యం ఇంటి కోడలైనా, కాన్పుకు పిలుపొస్తే కొడవలి గట్టు మీద పెట్టి వెళ్లిపోయేది.

పంతొమ్మిది వందల డెబ్బయ్యారులో అమరావతి అనే పడుచుకు కాన్పు కష్టమైంది. బిడ్డ బొద్దుది. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంది. అవ్వ తల పట్టుకుని గట్టిగా లాగింది. పుట్టిన ఆడపిల్ల ఏడ్చింది గానీ, ఎడమ చెయ్యి వాలిపోయింది.

"గ్రహణంనాడు కడుపుతో బయట తిరిగింది, అందుకే" అని అత్త అమరావతినే ఆడిపోసుకుంది. ఆ మాట మా అవ్వకు మింగుడు పడలేదు. పదోనాడు తల్లీబిడ్డలను తీసుకుని మదనపల్లె బస్సెక్కింది.

డాక్టరు సుశీలమ్మ బిడ్డ మెడ, చెయ్యి తడిమి చూసి, "కాన్పు ఎవరు చేశారు?" అంది.

"నేనేనమ్మా. భుజం రాకపోతే తల పట్టి లాగినాను. దాని వల్లనేనా?"

డాక్టరమ్మ కోప్పడలేదు. కూర్చోబెట్టి విడమరిచింది. చేతిని ఆడించే నరాల మొదళ్లు మెడ దగ్గర వెన్నులోంచి బయలుదేరతాయట. తలను పక్కకు లాగితే అవి సాగుతాయి, ఒక్కోసారి తెగిపోతాయి.

"ఎండిన నేలలో శెనక్కాయ చెట్టు పీకితే వేర్లు తెగినట్ల" అంది అవ్వ.

"అంతే. ఈ బిడ్డ చేతివేళ్లు కదుపుతోంది కాబట్టి ఆశ ఉంది. నేను చూపినట్టు రోజూ మెల్లగా చెయ్యి ఆడించండి."

ఊరికి రాగానే అవ్వ అమరావతి అత్త ఎదుట నిలబడింది. "నీ కోడలిది తప్పు కాదు. నాది. ఇంకోసారి ఆ పిల్లను అనద్దు."

తర్వాత రోజూ పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి బిడ్డ చెయ్యి ఆడించేది. నాలుగో నెలలో మోచెయ్యి వంగింది. కమలాక్షి అని పేరు పెట్టిన ఆ పిల్ల బడికి పోయే వేళకు ఎడమ చేత్తో చెంబు ఎత్తేది. చెయ్యి పూర్తిగా పైకి మాత్రం లేవలేదు.

ఎనభై మూడులో పుంగనూరులో మంత్రసానులకు శిక్షణ పెట్టి, డాక్టరమ్మ అవ్వను పిలిపించింది. ముప్పై మంది ముందు అవ్వ తన తప్పు చెప్పింది. భుజం ఇరుక్కుంటే, డాక్టరమ్మ నేర్పినట్టు తల లాగకుండా, తల్లి మోకాళ్లు పొట్టకేసి మడిచి, పొత్తికడుపు మీద ఎట్ల అదమాలో చూపింది.

"ఇట్ల చెప్పుకుంటే పరువు పోదా అక్కా?" అంది రామకుప్పం నుంచి వచ్చిన మునెమ్మ.

"పోతే నా పరువు కదా పొయ్యేది. బిడ్డ చెయ్యి కాదు కదా."

మరుసటేడు రామకుప్పం నుంచి మునెమ్మ కబురు పంపింది. ఇరుక్కున్న బిడ్డ లాగకుండానే పుట్టాడట, రెండు చేతులూ ఆడిస్తూ. ఆ రోజు అవ్వ కనబడినవాళ్లందరినీ ఆపి మరీ ఆ సంగతి చెప్పింది.