పాత గేటు నుంచి మూడో వరుస

మీరు ఏటా సున్నం కొట్టి, పూలు పెట్టి, కళ్ళు తుడుచుకుని వచ్చే సమాధిలో ఉన్నది మీ మనిషేనని మీకు ఎవరు చెప్పారు? మీ నాన్న చెప్పాడా? ఆయనకు ఎవరు చెప్పారు? ఒక్కసారైనా చర్చి రిజిస్టరు తెరిపించి చూశారా?

కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న అడిగే అర్హత నాకు ఊరికే రాలేదు. పదకొండేళ్ళపాటు మా ఇంటివాళ్ళ చేత ఒక పరాయి సమాధికి సున్నం కొట్టించిన మనిషిని నేను. మూఢనమ్మకంతో కొట్టించి ఉంటే క్షమించవచ్చు. నేను వాదించి, నెగ్గి, కొట్టించాను.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి తల్లిని వెంటబెట్టుకుని బంగారు గనులకు వచ్చాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, ముప్పై దాటిన కొన్నేళ్ళకే పోయాడు. ఊరిగాంలోని మా చర్చి సమాధుల తోటలో పెట్టారు. అప్పటికి మా నాన్న చంకపిల్లవాడు. మా అత్తకు, అంటే నాన్న అక్కకు, తొమ్మిదేళ్ళు. తరువాత ఆమెను ఆవని దగ్గర ఒక పల్లెలో వ్యవసాయదారుల ఇంటికి ఇచ్చారు. గనులు మూతపడ్డాక మామయ్య పోయాడు, ఆ వెనకే మా నాన్న పోయాడు. అత్త ఊరిగాంలోని మా పాత గనుల కంపెనీ ఇంటికి తిరిగొచ్చి, తెల్లవారుజాము రైలుకు బెంగళూరు కూలికి పోయేవాళ్ళకు స్టేషను బయట ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టింది. నాకు కోలారులో ఉద్యోగం, ఆ ఊరి పక్కనే తమకలో కాపురం. ఆదివారం వస్తే బస్సెక్కి ఆమె దగ్గరికి పోయేవాణ్ణి. ఇడ్లీలకంటే ఆమెతో గొడవ పడటం నాకు ఇష్టం. దేవుడున్నాడా లేడా అన్నది మా పలహారం.

ఆమె వచ్చిన మొదటి ఏడు, సమాధుల పండుగ రోజు, నన్ను తోటకు రమ్మంది. అప్పటిదాకా నేను ఆ గేటు దాటలేదు. నాస్తికుణ్ణి, దాటనని పదిమందిలో చెప్పినవాణ్ణి.

"బీడీకట్ట ఎందుకత్తా సంచిలో?" అన్నాను దారిలో.

"మీ తాతకు. బీడీ లేకుండా ఒక పూట గడిచేది కాదు ఆయనకి."

"చచ్చిపోయినవాళ్ళు బీడీ తాగరు."

"నువ్వు బతికుండి తాగవు. నీకేం తెలుసు బీడీ సంగతి? నడు."

సమాధుల తోటలో మా తాతలాంటివాళ్ళకు రాతి పలకలు లేవు. మట్టి దిబ్బ, దాని మీద ఒక సిమెంటు సిలువ, అంతే. పేర్లు ఉంటే గింటే ఎండకు, వానకు, బంగారం తీశాక పారబోసిన రాతిపొడి గుట్టల నుంచి, అంటే సైనైడు దిబ్బల నుంచి, కొట్టుకొచ్చే ఇసుకకు అరిగిపోయాయి. మా దగ్గర ఒకే ఆధారం ఉంది. మా నాన్న తన బైబిల్లో పెట్టుకున్న ఒక చీటీ. "గేటు నుంచి మూడో వరుస, ఎడమ చేతివైపు ఏడోది" అని ఆయన చేతిరాత. నేను గేటు దగ్గర నిలబడి వరుసలు లెక్కపెట్టాను, సమాధులు లెక్కపెట్టాను, ఒక దిబ్బ ముందు ఆగి "ఇదే" అన్నాను.

అత్త చుట్టూ చూసింది. "ఇది కాదప్పా" అంది.

"ఎందుకు కాదు?"

"మా నాయిన తలకాడ నిలబడితే గనిలోకి దిగే షాఫ్టు మీద చక్రం కనపడతా ఉండె. ఆయన్ని దించేటప్పుడు నేను గుంట చూడలేక ఆ చక్రాన్నే చూస్తా నిలబడితిని. ఈడ సైనైడు దిబ్బ తప్ప ఏం కనపడలేదే."

ఇక నేను అందుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల జ్ఞాపకం సాక్ష్యం కాదన్నాను. దుఃఖంలో ఉన్న కన్ను ఏదైనా చూస్తుందన్నాను. చెట్లు పెరిగి ఉంటాయి, దిబ్బ పెరిగి ఉంటుంది అన్నాను. చేతిలో రాతపూర్వకమైన ఆధారం ఉండగా మనసులోని బొమ్మను నమ్మేవాళ్ళ వల్లే ఈ దేశం ఇలా ఉందన్నాను. పక్క సమాధికి సున్నం కొడుతున్న ఇద్దరు పని ఆపి నా ఉపన్యాసం విన్నారు. అత్త కొంగు బిగించి, "సరేలే అల్లుడా, సదువుకున్నోడివి" అని సున్నం డబ్బా మూత తీసింది.

చూశారా నా ఘనత? గ్రంథంలో రాసి ఉంది కాబట్టి నిజం అనేవాళ్ళను జీవితమంతా వేదికలెక్కి ఎగతాళి చేశాను. ఇక్కడ నాన్న చీటీలో రాసి ఉంది కాబట్టి నిజం అన్నాను. ఆ చీటీ ఎప్పుడు రాశాడు, ఏ గేటును చూసి రాశాడు అని అడగాలన్న బుద్ధి పుట్టలేదు.

పదకొండేళ్ళు గడిచాయి. అత్తకు ఎనభై దాటింది. తోటలో చోటు తక్కువైంది. ఇక మీదట సొంతవాళ్ళ సమాధి పక్కన ఖాళీ ఉంటే ఆ ఇంటివాళ్ళకే ఇస్తామని, అందుకు రిజిస్టరులో రుజువు చూపాలని చర్చి పెద్దలు నిర్ణయించారు. ఆ ఆదివారం అత్త నా ప్లేటులో ఇడ్లీ పెట్టకముందే మాట మొదలుపెట్టింది.

"నన్ను మా నాయిన పక్కనే పెట్టాల. ఇంగెవురి పక్కనా వద్దు. తొమ్మిదేండ్లే ఉన్నింది ఆయన కాడ. నువ్వు పోయి ఆ కాగితం పని చూసుకోనిరా."

"చచ్చాక ఎవరి పక్కన ఉంటే ఏంటత్తా?"

"నీకేమీ లేదు. నాకుండాది. పోతావా పోవా?"

పోయాను. రిజిస్టర్లు చర్చి వెనక గదిలో ఇనుప బీరువాలో ఉన్నాయి. వాటిని చూసుకునే గుమాస్తా ఒకప్పుడు గనుల్లో హాజరు రాసిన మనిషి. ఇప్పుడు శవాల హాజరు రాస్తున్నానని తానే చెప్పి తానే నవ్వాడు. అట్ట ఊడిన ఒక పొడవాటి పుస్తకం తీసి, గుడ్డతో తుడిచి, నా ముందు పెట్టాడు. పేరు, వయసు, చేసే పని, పోయిన కారణం, వరుస, సమాధి సంఖ్య అని గడులు. నేను వేలు పెట్టి ఒక్కొక్క గీతా దిగుతూ పోయాను. జ్వరం. బండ మీద పడి. దగ్గు. ప్రసవం. మళ్ళీ దగ్గు. ఏ పురాణం చదివీ నేను చలించలేదు గాని, ఆ కారణాల గడి నన్ను కుర్చీకి కట్టేసింది.

తాత దొరికాడు. మూడో వరుస, ఏడు. పని గడిలో "ట్రామర్" అని ఉంది. భూమి లోపల ఖనిజం బండ్లు తోసేవాడన్నమాట. మా తాత మేస్త్రీ అని మా ఇంట్లో నలభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం!

అదే వరుసలో రెండు సమాధుల అవతల మా తాత పేరుతోనే ఇంకొక రాత కనపడింది. "ట్రామర్ తల్లి. వయసు తెలియదు." పేరు గడి ఖాళీ. ఆ పుట పైనుంచి కిందికి చూశాను. ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి, ఫలానావాని కూతురు. మగవాడికి పేరూ ఉంది, పనీ ఉంది. పల్లె నుంచి కొడుకు వెంట వచ్చి, బతికి, బండెడు చాకిరీ చేసిన మనిషికి పేరు రాయడానికి సిరా చాలలేదు! నేను గట్టిగానే తిట్టాను. గుమాస్తా బెదరలేదు.

"రాసినోడు మీకు ముందే మట్టిలోకి పోయినాడు సార్. మీరు అరిస్తే వానికి వినపడదు. మీ తాత దొరికినాడు కదా, చోటు చూపిస్తాను రండి."

తోటలోకి పోగానే నేను ముందు నడిచి, మా పదకొండేళ్ళ తెల్లటి సమాధి దగ్గర సగర్వంగా నిలబడ్డాను. గుమాస్తా నా వైపు వింతగా చూశాడు.

"ఈడెందుకు నిలబడినారు?"

"గేటు నుంచి మూడో వరుస కదా?"

"ఏ గేటు? ఈ గేటు గోడ పడిపోయినాక, గనులు మూసే ముందర పెట్టింది సార్. మా బుక్కులో గేటంటే పాత గేటే. అదో, ఆ కొసన. ఈ వరుస పాత లెక్కకి ముప్పై ఒకటి."

"మరి ఇదెవరిది?"

మళ్ళీ గదిలోకి పోయి, వేరే పుస్తకం తీసి, చూశాడు. చూసి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ పుటలో స్వంత పేరు, స్వంత పని రెండూ ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. పని గడిలో "బైబిలు స్త్రీ" అని ఉంది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించి, ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే ఉద్యోగం అది.

"మా అమ్మకి అఆలు నేర్పింది ఈయమ్మే సార్" అన్నాడు గుమాస్తా. "సారా, పొగాకు అంటే మంట ఆయమ్మకి. మొగోని నోట్లో బీడీ కనపడితే పీకి పారేసేదంట."

పదకొండు పండుగలు. పదకొండు బీడీకట్టలు. పక్కన అగ్గిపెట్టెతో సహా.

అత్తకు ఎలా చెప్పాలో దారిపొడవునా ఆలోచించాను. చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. గుమాస్తాను బతిమాలితే మాట దాస్తాడు. కానీ ఆమె కోరింది తన నాయన పక్కన చోటు. నా పరువు కోసం ఆమెను ఎవరో తెలియని మనిషి పక్కన పెట్టిస్తానా? ఇంటి గడప దగ్గరే నిలబడి ఒక్క ఊపులో చెప్పేశాను. పాత గేటు, కొత్త గేటు, బైబిలు స్త్రీ, బీడీలు, అంతా.

అత్త మినపపప్పు కడుగుతోంది. చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. ఏడుస్తుందనుకున్నాను. భుజాలు కదిలాయి. నవ్వుతోంది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, గోడకు ఆనుకుంది.

"అయ్యో నా తల్లీ! ఇన్నేండ్లూ ఆయమ్మకి బీడీలు పెట్టినామా! ఏమని తిట్టుకోనుండాదో!"

"తిట్టుకోదత్తా, ఆమె..."

"నువ్వు ఊరికే ఉండు. నీ లెక్కలు చాలు."

నేను తల దించుకుని అడిగాను. "ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం కదా. మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఒప్పుకున్నానని ఎవురు చెప్పినారు? నువ్వు అట్ల అరస్తా ఉంటే నోరు మూసుకుంటి. మొదటిసారి గేటు దాటి లోపలికి వచ్చినావు. వాదంలో ఓడిపోతే మల్లా వస్తావా నువ్వు? రావు. అందుకని." కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పప్పు కడగసాగింది. "నువ్వు ముందర పోయినాక, నేను ఆ కొసకి మొకం తిప్పి, నాయినా నువ్వు యాడున్నా నీకేనని చెప్పేసి వస్తా ఉంటిని ఏటేటా."

నలభై ఏళ్ళలో నన్ను వాదంలో ఓడించినవాళ్ళు కొందరున్నారు. గెలిపించి ఓడించింది ఈమె ఒక్కతే.

"ఇంకొకటి. తాత మేస్త్రీ కాదంట, బండ్లు తోసేవాడంట."

"మేస్త్రీ అని ఎవురన్నారు?"

"మా నాన్న."

"వాడు పెండ్లి సంబంధాలు చూసేటప్పుడు అట్ల చెప్పుకున్నాడులే."

మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి వెళ్ళాం. పాత గేటు ఉన్న చోట రెండు రాతి స్తంభాలు మిగిలాయి. అక్కడి నుంచి ఈసారి గుమాస్తా లెక్కపెట్టాడు, నన్ను లెక్కపెట్టనివ్వలేదు. ముళ్ళపొదలు కొట్టి, ఇసుక తీస్తే సిలువ మొదలు తగిలింది. అత్త దాని తలవైపు పోయి నిలబడి, తలెత్తింది. నేను ఆమె వెనక నిలబడి అటే చూశాను. గోడ పైన, తుప్పు పట్టి, కదలకుండా, షాఫ్టు చక్రం.

సాక్ష్యం అంటే అది. నేను చెప్పులు విప్పలేదు, మొక్కలేదు. కానీ అక్కడ టోపీ తీశాను. ఎందుకని అడిగితే ఎండ తగ్గిందని చెబుతాను.

కుడిపక్క ఖాళీ ఉంది. గుమాస్తా గడ్డపారతో పొడిచి చూసి, లోతుగా మట్టే ఉంది, బండ లేదు, పనికొస్తుందన్నాడు. తిరిగి గదిలో కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, చోటు ఆపి ఉంచినట్టు రాయబోయాడు. "ట్రామర్ కూతురు అని రాస్తానమ్మా."

"కూతురని రాయి, మంచిదే. దానికి ముందర నా పేరు రాయి. ఇంగ ఆ పని గడిలో ఇడ్లీ వ్యాపారం అని రాయి."

"అవన్నీ మీరు పోయినాక రాసేవి కదమ్మా."

"పోయినాక మీరు తప్పు రాస్తారు."

గుమాస్తా నవ్వి రాశాడు. అప్పుడు నేను పుటలో ఆ ఖాళీ గడి చూపించాను. "అత్తా, తాత తల్లి పేరు నీకు తెలుసా?" ఆడవాళ్ళ హక్కుల గురించి ఎన్నో వ్యాసాలు రాసిన నాకు తెలియదు.

"మా జేజి పేరా? నా పేరే అప్పా. ఆయమ్మ పేరే నాకు పెట్టినారు."

గుమాస్తా పెద్దల అనుమతి తీసుకుని, ఆ పేరు అక్కడ సిరాతోనే రాశాడు. ఆ పండుగకు బీడీలు సరైన చోటికి చేరాయి. బైబిలు స్త్రీకి మా అత్త మూర చామంతులు పెట్టి, చాలాసేపు క్షమాపణ చెప్పుకుంది. ఆ సమాధికి సున్నం కొట్టే పని నాకు శిక్షగా వేసింది. సంతోషంగా కొడుతున్నాను.

ఇక మీ సంగతి. వచ్చే ఆదివారం మీ ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషిని వెంటబెట్టుకుని మీ సమాధుల తోటకు వెళ్ళండి. ఆమె చెప్పేటప్పుడు నోరు మూసుకోండి. తరువాత రిజిస్టరు తెరిపించి, ఆమె చెప్పిందీ, అందులో ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు గడి ఖాళీగా ఉంటే ఆ పేరు ఆమెను అడిగి, అక్కడే, ఆ రోజే రాయించండి. లేవండి.