పెంగక్క సంతకం

మా చుంగ్‌లీలో ఇన్వర్టర్లు తయారుచేసే ఫ్యాక్టరీలు వీధికొకటి ఉన్నాయి. వాటిని పరీక్షించేవాళ్లకూ కొదవ లేదు. కానీ రిపోర్టు కింద పెంగ్ షూ-యున్ సంతకం కనబడితే చాలు, కొనేవాళ్లు మళ్లీ పరీక్ష పెట్టుకోకుండానే సరుకు దించుకునేవారు. కట్టుకున్న మొగుడు తనను నమ్మడానికి రెండేళ్లు తీసుకున్నాడనీ, జపాన్ వాళ్లకు ఒక్క నెల చాలిందనీ ఆవిడే నవ్వుతూ చెప్పేది.

పుట్టింది శిన్‌పూ కొండల్లో, శరదృతువు గాలికి పెర్సిమన్ పండ్లు ఎండబెట్టుకు బతికే హక్కా తెగవాళ్ల ఇంట్లో. హక్కావాళ్లంత మొండివాళ్లు ఉండరని మాలో ఒక మాటుంది. ఆ మాటకు సాక్ష్యం కావాలంటే పెంగక్కను చూపిస్తే సరిపోతుంది. పడుచుతనంలో రాగితీగ చుట్టే పనికి ఫ్యాక్టరీలో చేరింది. సాయంత్రాలు పాలిటెక్నిక్‌కు వెళ్లి చదువుకుని, కరెంటు మార్చే కన్వర్టర్లు డిజైన్ చేసే బల్ల దగ్గరికి చేరింది. చాలాకాలం డిజైన్లు గీశాక, తనే అడిగి పరీక్షల విభాగానికి మారింది. కోరి మెట్టు దిగడమేమిటని అందరూ చెవులు కొరుక్కున్నారు. కాకిపిల్ల కాకికి ముద్దు, అది కోకిల కాదని చెప్పడానికి ఒక గయ్యాళి అత్త ఉండొద్దా అని ఆవిడ ఎదురడిగింది.

ఆ అత్తరికం బాగానే వెలగబెట్టింది. ఇన్వర్టరంటే బ్యాటరీ కరెంటును గోడ ప్లగ్గులో వచ్చే కరెంటుగా మార్చే పెట్టె. ఆస్పత్రిలో ఉన్నట్టుండి కరెంటు పోతే ఆపరేషన్ బల్ల మీది దీపం ఆరకుండా కాచేది అదే. పెంగక్క ఆ పెట్టెను వేడి గదిలో పెట్టేది. మనిషి లోపలికి వెళ్లి రాగలిగేంత గది అది, లోపల రోహిణీకార్తె ఎండను మించిన వేడి. పెట్టె మీద పూర్తి లోడు వేసేది, హఠాత్తుగా తీసేది, మళ్లీ వేసేది, తీగకు తీగ తగిలించేది. పొద్దుటినుంచి సాయంత్రందాకా దాన్ని ఏడిపించేది. అప్పటికీ అది ఏడవకపోతేనే సంతకం పెట్టేది.

వేడి గదిలో ఏ పెట్టెను పెట్టినా దాని నెత్తిన ఒక ఆకుపచ్చ పొట్లం ఉండేది. కొబ్బరి రుచి మొక్కజొన్న గుల్లల పొట్లం. అది లేకుండా మావాళ్లెవరూ యంత్రం ఆన్ చేయరు. బ్యాంకుల్లో కంప్యూటర్ల మీదా, రైళ్ల కంట్రోలు గదుల్లోనూ, ఆస్పత్రుల్లోనూ అదే పొట్లం. యంత్రం బుద్ధిగా ఉండాలంటే పొట్లం ఆకుపచ్చదే కావాలి, ఎందుకంటే అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు వెలిగేది ఆకుపచ్చ దీపం. పసుపుదో ఎర్రదో పెట్టారో, అపశకునాన్ని చేతులారా పిలిచినట్టే. పొట్లం విప్పకూడదు, గడువు దాటకూడదు. పెంగక్కకు దాని మీద నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. గోడకు గడియారం ఉన్నట్టు పెట్టెకు పొట్లం ఉండేది, అంతే.

అలాంటి మనిషికి ఒక వసంతంలో జపాన్‌లోని క్యూషూ నుంచి తల కొట్టేసినంత పనైంది.

చియూ అనే కుర్ర ఇంజనీరు కొత్త ఇన్వర్టర్ డిజైన్ చేశాడు. పెంగక్క పరీక్షించి సంతకం పెట్టింది. క్యూషూ కంపెనీకి మూడు నమూనాలు వెళ్లాయి. ఎందుకో ఈసారి వాళ్లు కూడా ఒకసారి నడిపి చూశారు. గంట తిరక్కుండానే మూడూ వేడెక్కి, వాటంతటవే ఆగిపోయాయి. అక్కడ పరీక్షలు చూసే తోకునాగా చాలా ఏళ్లుగా పెంగక్కతో పనిచేస్తున్నవాడు. ఆయనే ఫోన్ చేసి, తనకొచ్చిన చైనీసులో నిదానంగా సంగతి చెప్పాడు.

"నా గదిలో ఆగలేదండీ. అబద్ధం రాసే అలవాటు నాకు లేదు" అంది పెంగక్క.

"అది నాకు తెలుసు. కానీ కారణం తేలకపోతే, ఇకమీదట మీ సంతకం మీద సరుకు తీసుకోవద్దంటున్నారు మా పైవాళ్లు. ప్రతి పెట్టెనూ మేమే పరీక్షించుకోవాలట."

ఆ మాట పెంగక్కకు ముల్లులా గుచ్చుకుంది. ఆవిడకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే ఆ సంతకమే.

నమూనా ఒకటి వెనక్కి తెప్పించారు. ఫ్యాక్టరీ డైరెక్టర్ వెన్ పెంగక్కకన్నా చిన్నవాడు, మాట మెత్తన. ఓడలో కుదుపులకు ఏదో వదులై ఉంటుందన్నాడు. చియూ అయితే లోపల వేడిని లాగే అల్యూమినియం రెక్కలు మందం చేసేస్తానని కాగితాలు పట్టుకొచ్చాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియకుండా కట్టు ఎక్కడ కడతావని పెంగక్క అతణ్ణి కసిరి, పెట్టెను వేడి గదిలోకి ఎక్కించింది. మొదటిరోజు అది నిక్షేపంగా నడిచింది. రెండోరోజూ నడిచింది. పెంగక్కకు ధీమా వచ్చింది. క్యూషూ వాళ్ల గదినే ఎవరైనా పరీక్షించాలని భోజనాల దగ్గర అందరూ వినేలా అంది.

మూడోరోజు లోడు మారుస్తూ లోపలికి వెళ్లిన లాయ్ కంగారుగా బయటికొచ్చాడు. లాయ్ ఆవిడ దగ్గర మొదటినుంచీ ఉన్న టెక్నీషియన్. వీధి కాచే భూమిదేవుడికి ధూపం వేయందే స్క్రూ కూడా తిప్పడు. పొట్లం గడువు నిన్నటితో అయిపోయిందట. టేపుతో సహా దాన్ని పీకి తెచ్చి, ఇంకొకటి కొనుక్కొస్తానని పరుగెత్తాడు. వీధి చివర కొట్లో పసుపు పొట్లాలే ఉన్నాయి. దాంతో స్కూటరెక్కి ఇంకో పేటకు పోయాడు.

పెంగక్క బయట, వేడి లెక్క చూపే కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఉంది. రెండురోజులుగా గీత గీసినట్టు ఒకేచోట ఉన్న వేడి మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. లాయ్ తిరిగొచ్చేసరికి ఎర్రదీపం వెలిగి, పెట్టె ఆగిపోయి ఉంది.

"చూశావా అక్కా, ఆ కాసేపు కూడా ఓర్చుకోలేదు మహాతల్లి" అన్నాడు లాయ్, కొత్త పొట్లం గుండెలకు హత్తుకుని. గదిలో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. చియూ కూడా నవ్వాడు. పెంగక్క నవ్వబోయి ఆగిపోయింది.

లేచి వేడి గదిలోకి వెళ్లింది. లోడు తీసి, ఫ్యాన్లు మాత్రం తిప్పించి, పెట్టె నెత్తిన ఉన్న సన్నటి చిల్లుల మీద అరచెయ్యి పెట్టింది. గాలి చేతిని ఎగదోస్తోంది. లోపలి చిన్న బోర్డు ఊపిరి పీల్చుకోవడానికి చియూ వేసిన చిల్లులవి. వాటిలోంచి ఇంత గాలి రాకూడదు. ముందున్న ఫ్యాన్లు తోసే గాలంతా రెక్కల మీదుగా పోయి, వాటి వేడిని మోసుకుని వెనకనుంచి బయటపడాలి. అందులో సగం దారిలోనే పైకి జారిపోతోంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి పరీక్షనాడు పొట్లం ఊరికే ఎగిరి కింద పడుతుంటే, కుదురుగా కూర్చోలేవా అని విసుక్కుంటూ నాలుగు వైపులా టేపు అంటించింది తనే. పొట్లం ఎందుకు ఎగురుతోందని తనను తాను ఒక్కసారీ అడగలేదు. గాలికి దారి మూసేసి, ఆ మూత మాట రిపోర్టులో రాయకుండా సంతకం పెట్టింది. క్యూషూలో ఇన్వర్టర్ నెత్తిన పొట్లాలు పెట్టేదెవరు?

పొట్లం బదులు అట్టముక్క పెట్టి మళ్లీ పూర్తి లోడు వేయించింది. పెట్టె చల్లగా నడిచింది. అట్ట తీస్తే ఆగిపోయింది. ఇక అనుమానానికి చోటు లేదు.

"అయితే పొట్లం పనిచేస్తుందనేగా అక్కా" అని గొణిగాడు లాయ్. ఎవరూ పట్టించుకోలేదు. చియూ ముఖం మాడిపోయింది. పెంగక్క అతని భుజం తట్టింది.

"చిల్లులు నీవిరా. వాటికి మూత పెట్టింది నేను. నీ తప్పు పట్టుకోవడానికే నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. పట్టుకోలేదు. కాబట్టి నాదే పెద్ద తప్పు."

వెన్‌కు చెబితే ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. చిల్లుల మీద రేకు బిగిస్తే సరి, దానికి మెరుగుపరిచిన మోడల్ అని పేరు పెడదామన్నాడు. తోకునాగా వచ్చే వారం వస్తున్నాడు, ఆయనకు రేకు బిగించినదే చూపిద్దాం, ఇంటిగుట్టు వీధిన పెట్టుకోవడం దేనికని బతిమాలాడు. పెంగక్క ఔననలేదు, కాదనలేదు. ఆయన అది ఔననే అనుకున్నాడు.

ఆ సాయంత్రం వీధి కొట్లో వెడల్పాటి బియ్యపు నూడుల్స్ తింటుంటే ఆవిడకు ఇంకో ఆలోచన తగిలింది. పొట్లం ఈ ఒక్కదాని మీదే ఉందా? ఇన్నేళ్లుగా ప్రతి పెట్టె మీదా ఉంది. గిన్నె అలాగే వదిలేసి ఇంటికి పోయింది.

తెల్లారి, పైన చిల్లులున్న పాత మోడళ్లన్నిటినీ గోడౌన్ నుంచి తెప్పించి, పొట్లం లేకుండా ఒక్కొక్కటీ నడపడం మొదలుపెట్టింది. పాతలెక్కలు సరిచూసుకుంటున్నానని మాత్రమే వెన్‌కు చెప్పింది. మొదటిది నిలబడింది. రెండోది నిలబడింది. మూడోది మధ్యాహ్నానికి ఆగిపోయింది. ఏళ్ల తరబడి క్యూషూ ఆస్పత్రుల నేలమాళిగల్లో కూర్చుని ఉన్న మోడల్ అదే.

పెంగక్క జీవితంలో మొదటిసారి ఒక పెట్టెను చూసి భయపడ్డానని తర్వాత చెప్పుకుంది. అక్కడి నేలమాళిగలు చల్లగా ఉంటాయి, పూర్తి లోడు ఎప్పుడూ పడి ఉండదు, ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఎవరూ అడగలేదు, అడిగేవాళ్లూ లేరు. నోరు మూసుకుంటే ఆ సంతకం ఎప్పటిలాగే నిగనిగలాడుతుంది. కానీ ఏదో ఒక వేసవిలో, ఏదో ఒక ఆపరేషన్ మధ్యలో దీపం ఆరితే? లాయ్ మాత్రం పక్కన నిలబడి, అక్కా ఇది మనం చూడలేదనుకుందామా అని అడిగాడు. చూశాం కదరా అంది.

తోకునాగా వచ్చిన రోజు వేడి గదిలో రేకు బిగించిన పెట్టె సిద్ధంగా ఉంది. పెంగక్క దాన్ని దింపించి, రేకు లేనిది ఎక్కించింది. ముందు ఓడిపోయేదాన్ని చూడండని ఆయనతో చెప్పింది. వెన్ ముఖం పాలిపోయింది. అందరూ చూస్తుండగా వేడి పైకి పాకింది, ఎర్రదీపం వెలిగింది. అప్పుడు పొట్లం తెచ్చి, చిల్లుల మీద అంటించి, మళ్లీ నడిపి, ఈసారి అది ఆగకపోవడం చూపించింది. తోకునాగా నవ్వలేదు. పొట్లాన్ని చేతిలోకి తీసుకుని, తిరగేసి చూసి, మర్యాదగా కింద పెట్టాడు. రేకు బిగిస్తే సమస్య తీరుతుంది కదా అన్నాడు. వెన్ గబగబా తలూపాడు. విషయం అక్కడితో ముగిసిపోవలసిందే.

"ఇంకొకటుందండీ" అంది పెంగక్క.

వెన్ దగ్గాడు. ఆవిడ పట్టించుకోకుండా మూడో మోడల్ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆస్పత్రుల్లో ఉన్నవాటికి ముందు రేకులు బిగించాలనీ, అందుకు మనుషుల్ని తనే పంపిస్తాననీ అంది.

"మా ఆస్పత్రుల్లో ఒక్కటీ ఆగలేదు" అన్నాడు తోకునాగా. "మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"నాకు తెలిసింది కదండీ."

ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. పరీక్షించాల్సినవి ఇంకెన్ని ఉన్నాయని అడిగాడు. రేకులూ మనుషులూ మర్నాడే క్యూషూకు బయల్దేరారు. ఆయన మాత్రం తిరుగు టికెట్టు మార్చుకుని వారమంతా చుంగ్‌లీలోనే ఉండిపోయాడు. పెంగక్క లోడు వేస్తే ఆయన తెర చూశాడు, ఆయన వేస్తే ఆవిడ చూసింది. భోజనాలు కూడా డబ్బాల్లో తెప్పించుకుని అక్కడే తిన్నారు. మిగిలిన మోడళ్లన్నీ నిలబడ్డాయి.

చివరిరోజు వెన్ రిపోర్టులు పట్టుకొచ్చాడు. సరుకు తామే పరీక్షించుకుంటామన్న క్యూషూ పైవాళ్ల తృప్తి కోసం, పెంగక్క సంతకం కింద తోకునాగా సంతకానికి ఇంకో గడి గీయించాడు. తోకునాగా ఒక్కో పేజీ చదివి, గడి దగ్గర ఆగి, కలానికి మూత పెట్టేశాడు.

"ఇది అక్కర్లేదు. పైన ఆవిడ సంతకం ఉంది. మావాళ్లకు నేను చెప్పుకుంటాను."

వెన్ పొంగిపోయాడు. చియూ చప్పట్లు కొట్టబోయాడు. పెంగక్కకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు. ఆ వారమంతా ఆవిడ ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. ముక్కు తుడుచుకుని, రిపోర్టును మళ్లీ ఆయన ముందుకు జరిపింది.

"పెట్టండి తోకునాగా గారూ. మర్యాదకు అడగడం లేదు. ఇన్నేళ్లు ఆ పొట్లం నా కళ్లముందే ఉంది. ఆ గదిలో నాకు కనబడనిది ఇంకేముందో నాకు తెలీదు. మా గది మీకు కొత్త. మీకు కనబడుతుంది."

"ప్రతిసారీ రావాలంటారా?"

"ప్రతిసారీ రావాలి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూసి, కలం మూత తీశాడు.