అరిగిపోయిన ముఖాలు

అత్తయ్యగారి ఎడమ కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన వేసవిలో నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. మణికొండలో మాది మూడో అంతస్తు. హాల్లో కిటికీ పక్కన నా బల్ల, దాని మీద పెద్ద తెర.

అప్పుడు మా ఆఫీసుకు ఒక కొత్తరకం పని వచ్చింది. యూరప్‌లోని ఒక గ్రంథాలయం వాళ్ళు, ఎన్నో వందల ఏళ్ళ కిందట చేత్తో రాసి, రంగులూ బంగారమూ అద్దిన పుస్తకాలను పేజీ పేజీకీ ఫోటో తీయించారు. ఒక్కో ఫోటోలో బొమ్మ ఎక్కడుందో, బంగారం ఎక్కడుందో, పేజీ ఎక్కడ పాడైందో గీత గీసి గుర్తు పెట్టడం మా పని. దూడ తోలును నానబెట్టి, గీకి, సాగదీసి ఆ పేజీలు తయారు చేసేవారని మాకు శిక్షణలో చెప్పారు. రాసేవాళ్ళు ఒకరు, బొమ్మలు వేసేవాళ్ళు మరొకరు. బంగారు రేకును పల్చటి సుద్ద పూత మీద అంటించి, కుక్క పంటితోనో నున్నటి రాయితోనో రుద్ది మెరుగు పెట్టేవారట. మొదటి వారమంతా నాకు అవి ఒట్టి ఫైళ్ళే. రోజుకు ఇన్ని అని పూర్తి చేసి లేచేదాన్ని.

అత్తయ్యగారిని పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు, వంగొద్దన్నారు. కాకినాడలో ఒక సర్కారు ఆఫీసు రికార్డు రూములో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఊరికే కూర్చోలేక నా వెనక కుర్చీ వేసుకున్నారు. కట్టు విప్పిన మర్నాడు తెర మీద ఒక దేవమాత బొమ్మ ఉంది. ఆవిడ ఒక కన్ను మూసి చూశారు, తర్వాత రెండోది మూసి చూశారు.

"అమ్మాయ్, ఈ కంటికి చీర నీలంగా ఉంది. ఆ కంటికి మట్టి రంగులో ఉంది. ఏది నిజం?"

"నీలమేనండి. అఫ్గాన్ కొండల్లో దొరికే రాయిని నూరి ఆ రంగు చేసేవారట. కొన్నిసార్లు బంగారం కంటే ప్రియం అట."

"అంత దూరం నుంచా!" అని చాలాసేపు ఆపరేషన్ అయిన కంటితోనే చూస్తూ ఉండిపోయారు.

ఆ మధ్యాహ్నమే నేను ఒక చిన్న ప్రార్థన పుస్తకం తెరిచాను. ఎవరో సంపన్నురాలు ఇంట్లో చదువుకోవడానికి చేయించుకున్నది. అందులో ఒక సాధువు బొమ్మకు ముఖం లేదు. రంగు లేచిపోయి, మసకగా ఒక మచ్చ మాత్రం మిగిలింది. దాని చుట్టూ గీత గీసి 'పాడైంది' అని నొక్కాను.

"పాడవ్వడం ఏమిటమ్మా?" అన్నారు అత్తయ్యగారు. "నీళ్ళు పడితే అంచు వెంట చార కడుతుంది. చెద పడితే చిల్లులుంటాయి. ఇక్కడ మొహం, పాదాలు తప్ప ఇంకేమీ పోలేదు, పక్కన బంగారం కూడా అలాగే ఉంది. ఎవరో రోజూ తాకి కళ్ళకద్దుకున్నారు."

నేను ఆపి మళ్ళీ చూశాను. ఆవిడ చెప్పింది నిజమే అనిపించింది. అప్పటిదాకా అలాంటివి ఎన్ని 'పాడైంది'లో పడేశానో గుర్తు కూడా లేదు.

మా టీమ్ లీడ్‌కు ఫోన్ చేశాను. సిద్దిపేట వైపు అబ్బాయి, నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు.

"మంచిగనే చెప్తున్నవ్ అక్కా. కానీ గైడ్‌లైన్స్‌ల లేదు గద. ఇగ ఒక్కో మరకకు గిట్ల కథ చెప్పుకుంట కూసుంటే డెలివరీ ఎప్పుడైతది?"

"ఒక్కసారి వాళ్ళనే అడుగు."

"సరే తియ్, మెయిల్ పంపు. ఫార్వర్డ్ చేస్త."

నాలుగు రోజులకు గ్రంథాలయంలోని ఒకామె జవాబు రాసింది. అలా ముద్దుపెట్టుకుని, తాకి అరగదీసిన బొమ్మలు చాలా ఉన్నాయనీ, వాటికి వేరే గుర్తు అవసరమనీ. చర్చిలో పూజారి చదివే పుస్తకంలో పెద్ద బొమ్మ చెడిపోకూడదని, ముద్దుపెట్టుకోవడానికి పేజీ అడుగున చిన్న శిలువ విడిగా వేసిన చిత్రకారులు ఉన్నారట. చదివి వినిపిస్తే అత్తయ్యగారు ముచ్చటపడ్డారు.

మెయిల్ చివర, పంపేసిన పేజీలన్నీ మళ్ళీ చూడమని ఉంది.

"నువ్వే అడిగినవ్ గద అక్కా," అని లీడ్ నవ్వాడు. "నువ్వే చూడాలె. ఫికర్ చెయ్యకు, ఇంకో రెండు వారాలు అడిగి తీస్కున్న."

ఎందుకు అడిగానా అని ఆ రోజు చిరాకు పడ్డాను. మర్నాటికి ఆ చిరాకు పోయింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కో పేజీ తెరిచాం. తొందర లేకపోయేసరికి అవి నాకు ఫైళ్ళలా అనిపించలేదు. ఒక చోట దయ్యం ముఖాన్ని ఎవరో గోరుతోనో కత్తితోనో బరబరా గీకేశారు.

"ఇదీ చేత్తో చేసిందే. కాకపోతే కోపం," అన్నారు అత్తయ్యగారు. దానికీ వేరే గుర్తు అడిగాం, ఇచ్చారు. ఒక పేజీ మీది గుండ్రటి మరకను కన్నీళ్ళని ఆవిడ గట్టిగా వాదించారు. అది కొవ్వొత్తి మైనమని జవాబొచ్చింది. "పోనీలే, అన్నీ నాకే తెలుస్తాయా," అని నవ్వేశారు.

చివరి పేజీ పంపిన రోజు ఆవిడ నన్నడిగారు.

"ఇప్పుడా పుస్తకాలు ఎక్కడుంటాయి?"

"అక్కడే, చల్లటి గదిలో పెట్టెల్లో ఉంటాయండి. అడిగిన వాళ్ళకు చూపిస్తారు. బొమ్మల మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వరు."

ఆవిడ తెర మీది చివరి పేజీని ఇంకోసారి చూశారు.

"మంచి పనే," అన్నారు తర్వాత. "వాటిని తాకాల్సిన వాళ్ళు తాకేశారు. ఇక తట్టుకోలేవు."

లేచి, మందు చుక్కలు వేసే వేళైందని నన్ను పిలిచారు.