ఎర్ర పేలిక కట్టిన బస్తాలు

మా ఆఫీసు కింద బట్టల కొట్టుంది. ఆఫీసు అన్నానని మరీ ఊహించుకోకండి. నర్సీపట్నం బస్టాండు దగ్గర ఓ మేడ మీది గది, రెండు కుర్చీలు, నాకు పెద్దగా నమ్మకం లేని ఒక ఫ్యాను. కింద కొట్టాయన గుడ్డ కొలిచి, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో సర్రున చింపుతాడు. ఆ చప్పుడు వినగానే నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోతాయి. ఎక్కడినుంచో చింతపండు వాసన వస్తుంది. ఎదురుగా సువార్తమ్మ గారు పాత చీర చింపుతూ, "కూకున్నావేటిరా? లెగు," అంటున్నట్టే ఉంటుంది.

ఇలా మొదలుపెట్టానని ఆవిడ పోయారనుకునేరు. దివ్యంగా ఉన్నారు. నిన్ననే ఫోన్ చేసి తిట్టారు.

చర్చి వీధిలో కొండ సరుకుల కొట్టు ఆవిడది. తేనె, మిరియాలు, రాజ్మా, కుంకుడుకాయలు, చింతపండు, ఇలా ముప్పై పైచిలుకు రకాలు. వాటిని ఇంటర్నెట్లో కూడా అమ్మాలని ఆవిడకి బుద్ధి పుట్టిన నెలలోనే నాకు ఆన్‌లైన్ ప్రకటనల కోర్సు సర్టిఫికెట్ వచ్చింది. మా అమ్మ దాన్ని లామినేషన్ చేయించింది. వానలో తడిసినా పాడవదు. దానికున్న గొప్పతనం అంతవరకే.

ఆ ఏడు చిలకమ్మ అనే ఆవిడ కొండ దిగి వచ్చింది. వాళ్ల ఊరి చింతపండంతా సంతలో దళారి చెప్పిన ధరకి పోకుండా తానే తీసుకుంటానని సువార్తమ్మ గారు మాటిచ్చారు. బస్తాలతో గొడౌను నిండిపోయింది. వానలు మొదలైతే చింతపండు చెమ్మపట్టి నల్లబడిపోతుంది. వెళ్తూ వెళ్తూ చిలకమ్మ గుమ్మంలో ఆగింది.

"అమ్మా, ఇది పోకపోతే వచ్చేయేడు మావోలు నా మాట ఇనరు. మళ్లీ సంతకే ఎలిపోతారు."

"నీ మాటా నా మాటా ఒక్క బస్తాలోనే ఉన్నాయి. నువ్వెల్లు," అన్నారు సువార్తమ్మ గారు.

ప్రకటనల పనికి ఆవిడ పెట్టుకున్నది నన్నే, కాబట్టి ఆ బస్తాకి కాపలా నేను. ఎవరైనా సరుకు పేరు కొట్టి వెతికితే మా సరుకు బొమ్మ, ధర కనిపించే ప్రకటనలు పెట్టాను. బొమ్మ నొక్కితే చాలు, కొన్నా కొనకపోయినా మన డబ్బు పోతుంది. అన్ని రకాలనీ ఒకే క్యాంపెయిన్లో, అంటే ఒకే ప్రకటనల మూటలో పోసి, రోజుకింత అని పరిమితి పెట్టాను. పొద్దున్న పది గంటలకల్లా ఆ రోజు డబ్బంతా తేనె తాగేసేది. దేశంలో సగంమంది తేనె బొమ్మ నొక్కి, ధర చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. చింతపండుకి చిల్లిగవ్వ మిగిలేది కాదు.

"ఈయేల చింతపండు బొమ్మ ఎంతమంది నొక్కినారు?"

"ఇద్దరండి."

"ఎవులు?"

"ఒకడు నేనేనండి, పనిచేస్తుందో లేదో అని."

"రెండోవోడు?"

"మీరండి. పొద్దున్న మీ ఫోన్లో చూపించాను కదండి."

ఆవిడ నవ్వలేదు. మర్నాడు నేను తెలివి తెచ్చుకుని సరుకుల పట్టికలో ప్రతిదానికీ ఒక లేబుల్ రాశాను: తేనె, మసాలాలు, పప్పులు. లేబుళ్లని బట్టి క్యాంపెయిన్లు విడదీస్తే దేని డబ్బు దానికే ఉంటుందని కోర్సులో చెప్పారు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"అది తేనని సీసా మీదే ఉంది కదరా. మళ్లీ నువ్వు సెప్పడమేటి? రా ఇలగ."

గొడౌనులోకి తీసుకెళ్లారు. ప్రతి బస్తా మెడకీ పాత చీర చింపిన గుడ్డపేలిక కట్టి ఉంది. అన్నాళ్లూ అవి మూతి కట్టడానికే అనుకున్నాను. ఎరుపు కడితే వాన చూడలేని సరుకు. పసుపు కడితే ఏడాది పొడుగునా నడిచేది. తెలుపు కడితే ఎన్నాళ్లయినా ఆగేది.

"ఇది ఏటి అని కాదు గుర్తెట్టుకోవలసింది. ఎన్నాళ్లు ఆగగలదు, అది," అన్నారావిడ.

ఆ పూటే లేబుళ్లు మార్చేశాను: ఎరుపు, పసుపు, తెలుపు. మూడు క్యాంపెయిన్లు. రోజూ పెద్ద వాటా ఎరుపుకి. తేనె సీసా నా పెళ్లిదాకా ఆగగలదు కాబట్టి దాన్ని తెలుపులో వేసి చేతిఖర్చుకి కొంచెం ఇచ్చాను. మూడోరోజుకి ప్యాకింగ్ టేపు అయిపోయింది. నన్ను నేను మేధావి అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను.

అయిదోరోజు మామిడి తాండ్ర నా పరువు తీసింది. ప్రతి శనివారం, మర్నాడు చర్చికి వెళ్లేలోపే, సువార్తమ్మ గారు గొడౌనంతా తిరిగి పేలికలు విప్పి, మార్చి కడతారు. ఆ శనివారం ఎర్ర పేలికున్న తాండ్రనంతా పెళ్లివారెవరో పట్టుకుపోయారు. ఆవిడ పేలిక విప్పేశారు. నేను లేబుల్ విప్పలేదు. ఎరుపు వాటాలో సగం ఆ లేని తాండ్రే తినేసింది. పదకొండుమంది ఆర్డరు కూడా పెట్టేశారు.

ఆవిడ ఫోను నా చేతిలో పెట్టారు. "సెప్పు. అందరికీ నువ్వే సెప్పు." పదకొండుమందికీ క్షమాపణ చెప్పాను. ఒకావిడైతే నన్నే ఓదార్చింది.

"గుడ్డ కట్టి మర్సిపోతే అది గుర్తు కాదురా. ఉత్త గుడ్డ," అన్నారు సువార్తమ్మ గారు. ఆ పదకొండుమందిలో నలుగురికి చింతపండు అంటగట్టానని చెప్పాక మాత్రం మొహం అటు తిప్పుకున్నారు. భుజాలు కదిలాయి. నవ్వారనే నా నమ్మకం.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆవిడ ముందు, లాప్‌టాప్ పట్టుకుని వెనక నేను. ఆవిడ ముడి విప్పితే నేను లేబుల్ మార్చేవాణ్ని.

మబ్బు పట్టిన రోజున చిలకమ్మ జీపు దిగింది. మిగిలిన బస్తాల మీద కప్పడానికని ప్లాస్టిక్ పట్టా కూడా తెచ్చుకుంది. గొడౌనులో చింతపండు ఉన్నచోట ఒక చీపురు తప్ప ఏమీ లేదు.

"అమ్మా, మా పండేదీ?"

"తినేసినారు."

"ఎవులు?"

"నాకేటి తెలుసు, ఈ గుంటడిని అడుగు."

నేను ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివాను. అందులో సగం నేనూ చూడలేదు. చిలకమ్మ ఖాళీ నేల మీద పట్టా పరుచుకుని, దాని మీదే కూర్చుని అంతా విన్నది. "ఇంత పులుపు ఎలగ తిన్నారమ్మా!" అని నవ్వి, "వచ్చేయేడు పక్కూరోలు కూడా మనకే ఇత్తారు, సూడు," అంది.

సరిగ్గా అప్పుడే రేకుల మీద వాన మొదలైందని రాయాలని ఉంది. అది మర్నాడు పడింది, నేను గొడుగు లేకుండా నడుస్తున్నప్పుడు.

చిలకమ్మ వెళ్లాక సువార్తమ్మ గారు ఆఖరి బస్తా ఎర్ర పేలికని తెచ్చి నా లాప్‌టాప్ బ్యాగుకి ముడేశారు.

"ఇదెందుకండి?"

"ఒక్క సోటే ఉంటే నువ్వూ బూజట్టీసేవోడివే. బేగి బయటికెల్లు. నాలుగు కొట్లకి పని సెయ్యి."

అందుకే ఈ గది, ఈ ఫ్యాను. ఇప్పుడు కోటవురట్ల బెల్లం నుంచి మా వీధి పచ్చళ్ల దాకా చాలా కొట్లవాళ్ల ప్రకటనలు నేనే చూస్తున్నాను. ఎవరొచ్చినా మీ సరుకేమిటని అడగను. అందులో ఆగలేనిదేదని అడుగుతాను. బ్యాగుకున్న పేలిక వెలిసి గులాబీ రంగుకి వచ్చింది.

నిన్న శనివారం. ఆవిడ ఫోన్ చేశారు. "లేబుళ్లు మార్సినావా?"

"ఇంకా లేదండి, ఇప్పుడే..." అన్నాను. తిట్లు పడ్డది అక్కడే. అవి అయ్యాక, "నీ బ్యాగుదో?" అన్నారు.

"అలాగే ఉందండి."

"ఉండనీ. నీ సరుకింకా అయిపోనేదు."

కింద కొట్టాయన మళ్లీ సర్రున చింపాడు. నేను లేచాను.