జున్ నోటి కోసం కొట్లాట

కుమారమ్మ తాతలు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆమె సింగపూరులోనే పుట్టింది. పరాయి బిడ్డల్ని సాకడమే ఆమె బతుకుతెరువు. తన చేతిలో పడ్డ బిడ్డ బొద్దుగా తయారవ్వాల్సిందేనని ఆమె పంతం. జురాంగ్ వెస్ట్ పేటలో, చైనా నుంచి వచ్చి స్థిరపడిన మేలిన్ ఇంట్లో పనికి కుదిరాక ఆ పంతానికి సరిజోడు దొరికింది. మేలిన్ అత్తగారు.

తల్లిపాలతో గుండ్రాయిలా పెరిగిన మేలిన్ కొడుకు జున్, ఆరో నెల దాటాక కాస్త సన్నబడ్డాడు. ఇది మామూలేనని, బలవంతం చేయొద్దని క్లినిక్‌లో నర్సు చెప్పింది. ఈ ఇద్దరికీ చెవికెక్కితేనా! ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇక్కడ మాత్రం చక్కగా కలిసిపోయారు. పొద్దున కుమారమ్మ కాళ్ళు చాపి, వాణ్ణి వాటి మీద పడుకోబెట్టి, ముక్కు నొక్కి ఉగ్గు పోసేది. మధ్యాహ్నం నాయనమ్మ వాడి చేతులు ఒడిసిపట్టి గంజన్నం కుక్కేది. వాడు తన్నేవాడు, కక్కేవాడు. కక్కినంత మళ్ళీ పోసేవాళ్ళు, దయలేని మనుషులు!

ఆ రోజు మేలిన్ గదిలో ఆఫీసు పనిలో ఉంది. ఏడుస్తున్న నోట్లోకి నాయనమ్మ చెంచా దించింది. ఏడుపు ఠక్కున ఆగింది. పెదాలు నల్లబడ్డాయి. ముసలమ్మ పైనుంచి నోట్లో నీళ్ళు పోయబోయింది.

“ఓలమ్మో! ఒగ్గీయే, గుంటడు సచ్చిపోతన్నాడు!” అని కుమారమ్మ అరిచింది.

ముసలమ్మ వదల్లేదు. కుమారమ్మ ఆమె జుట్టు పట్టి ఈడ్చింది. ముసలమ్మ తిరగబడి కుమారమ్మ ముంజేతిని కసుక్కున కొరికింది. నెత్తురు కారుతుండగానే కుమారమ్మ ఆమెను లాగి లెంపకాయ కొట్టి, బిడ్డను లాక్కుని, తల కిందికి వంచి వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. గంజిముద్ద నేల మీద పడింది. వాడు కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు వినగానే కుమారమ్మకు ప్రాణం లేచొచ్చింది.

మేలిన్ పరుగెత్తుకొచ్చింది.

“మేడమ్, మీ మదర్-ఇన్-లా ఆల్మోస్ట్ కిల్ హిమ్ లా!” అంది కుమారమ్మ సింగపూరు యాస ఇంగ్లీషులో.

“యూ ఆల్సో, ఆంటీ!” మేలిన్ గొంతు చించుకుంది. “ఎవ్రీ మార్నింగ్ యూ ప్రెస్ హిజ్ నోస్! సేమ్ థింగ్!”

కుమారమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

డాక్టరు చూసి ఫర్వాలేదన్నాక, మర్నాడు మేలిన్ కొడుకు ముందు మెత్తని అన్నం పెట్టి, ఇద్దరినీ చెరోవైపు కూర్చోబెట్టింది. జున్ ఒక ముద్ద తీసి ముక్కుకు పూసుకున్నాడు. ఇంకోటి విసిరేశాడు. అటొకటి, ఇటొకటి రెండు ముసలి చేతులూ ఒక్కసారే లేచాయి. మేలిన్ రెండింటి మీదా గరిటెతో ఫట్‌మని వాయించింది.

జున్ ఆ పూట ఒక్క మెతుకు తినలేదు. కుమారమ్మ తన చేతిని తొడ కింద అదిమిపెట్టి కూర్చుంది. అవతల నాయనమ్మ కూడా.