సంకటి కుండలో వంక రాళ్లు

రాళ్ల గురించి ఎవరు చదువుతారులే అని ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ నిన్న మా మనవరాలు ఫోన్ చేసింది. అద్దాల తొట్టిలో చేపలకు బయటి రాళ్లు తెచ్చి పేర్చాలట... ఏ రాయి మంచిదని అడిగింది. అనంతపురం జిల్లావాణ్ణి రాళ్ల గురించి అడిగితే ఊరుకుంటానా!

మా చిన్నప్పుడు... బెళుగుప్ప దగ్గర మా ఊరి చెరువు ఎండి బురదయిన రోజున, నాయన చెంబులో రెండు పరక చేపలు వేసుకొచ్చాడు. చిటికెన వేలంత ఉన్నాయి. వాన పడి చెరువు నిండేదాకా వాటిని బతికించే పని అక్కకూ నాకూ అప్పజెప్పాడు. పెరట్లో వాడని రాతి తొట్టి ఒకటి ఉండేది. అందులో వదిలాం.

చేపలకు ఇల్లు కట్టాలని అక్క పట్టు పట్టింది. రాళ్లకేం కరువు? మా వంకలో నీళ్లు చుట్టపుచూపుగా వచ్చిపోతాయి... రాళ్లు మాత్రం కాపురముంటాయి. ఎండకు తళతళలాడే తెల్లవాటినే ఏరుకొచ్చి పేర్చాం.

తెల్లారేసరికి నీళ్లు మజ్జిగలా ఉన్నాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

నాయన ఒక రాయి తీసి ఆరబెట్టి బండ మీద గీశాడు. తెల్లటి గీత పడింది.

"ఏమ్మే, ముగ్గురాళ్లు తెచ్చి ఏసినారే! చేపలింటి ముందర ముగ్గు పెడతాండారా?"

అమ్మ దంచి ముగ్గుపిండి చేసే రాయే అది. ఇంట్లో రోజూ చూసేదాన్నే వంకలో పోల్చుకోలేకపోయాం...

చేపల్ని చెంబులోకి మార్చాం. తొట్టికి మంచినీళ్లు కావాలి. అమ్మ అప్పుడే దూరపు తోట బావి నుంచి బిందె మోసుకొచ్చింది.

"మనుషులు తాగనీకే ల్యాకపోతే, మీ చేపలకు యాడ తేవల్ల?"

అక్క చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అమ్మ అది చూసి, "నా స్నానం నీళ్లు ఉండాయి, తీసుకోండి. ఈపొద్దుకు నేను మొగం కడుక్కుంటే సాలు," అంది.

ఈసారి గీత పడని నల్లరాళ్లు తెచ్చాం. "గొర్లు తొక్కిన రాళ్లు, ఉడకేసి ఏయండి" అన్నాడు నాయన. అక్క వాటిని కొబ్బరిపీచుతో రుద్ది, సంకటి కుండలో పోసి పొయ్యి మీద పెట్టింది.

ఆ రోజుల్లో పొయ్యి రాజేయడానికి పక్కింట్లో నిప్పు అడిగి తెచ్చుకునేవాళ్లం. పక్కింటి ఓబుళమ్మత్త అలాగే వచ్చింది. కుండ మూత తీసి చూసింది. రాళ్లు కుతకుతా ఉడుకుతున్నాయి. అమ్మ ముఖం వైపు చూసింది... నిప్పు సంగతే మరచి వెళ్లిపోయింది.

కాసేపటికి కంచంలో పొద్దున వండిన పెద్ద సంకటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పట్టుకుని వచ్చింది. కళ్లల్లో నీళ్లు.

"ఏం వదినా, ఇంత కష్టమొస్తే నాకొక మాట చెప్పకూడదా? రాళ్లు ఉడకేసి బిడ్డలను మభ్యపెడతాండావా?"

"అయ్యో వదినా! అవి చేపలకు!"

"చేపలు రాళ్లు తింటాయా?"

ఇద్దరూ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. అమ్మ కంచం తిరిగి ఇవ్వబోతే అత్త తీసుకోలేదు. "తెచ్చింది ఎనక్కి తీసుకపోతే నాకేం మర్యాద ఉంటాది? తినండప్పా!"

మనవరాలికి ఇదే పద్ధతి చెప్పాను... గీసి చూడు, తెల్లగీత పడినా, నిమ్మరసం చుక్క వేస్తే నురగొచ్చినా సున్నమున్నట్టే, పక్కన పెట్టు, రుద్ది కడిగి ఉడకబెట్టు అని. ఇప్పుడు కడిగిన రాళ్లు సంచుల్లో అమ్ముతారట. కానీ మన కుండ మూత తీసి చూసే చనువున్న మనుషులు ఏ అంగట్లో దొరుకుతారు... మీ ఇంట్లో ఏ చిన్న ప్రాణి కోసం ఇల్లంతా తలకిందులైందో కింద రాయండి, చదువుతాను.

అన్నట్టు, చేపల సంగతి చెప్పనేలేదు. రాళ్లు చల్లారాక అక్క తొట్టిలో పేర్చి, అమ్మ ఇచ్చిన నీళ్లు పోసి వాటిని వదిలింది. రెండూ రాళ్ల సందులో దూరి సాయంత్రం దాకా కదల్లేదు. అక్క అత్త తెచ్చిన సంకటిలో చిటికెడు తుంచి వేసింది. బయటికొచ్చి తిన్నాయి.