ఖాళీగా వదిలిన గడులు

ఒక గదికి ఎన్ని టైల్స్ పడతాయో చెప్పడం నా పని. ఎల్.బి.నగర్‌లో ఒక టైల్స్ షాపులో పదిహేడేళ్ళుగా చేస్తున్నాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. పొడవు వెడల్పుల లెక్క, మూలల్లో కోసేస్తే వృథా అయ్యే ముక్కల లెక్క చూసి చూసి నేర్చుకున్నవే. కొనేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, టేపు పట్టుకుని, మోకాళ్ళ మీద గోడ నుంచి గోడకు కొలుస్తాను. నిటారుగా కనిపించే గోడ కూడా ఎక్కడో ఒకచోట అంగుళం పక్కకు జరిగి ఉంటుంది. అది ఎక్కడో పట్టుకోవడం నాకు సరదా.

పోయిన వేసవిలో పెద్ద అంబర్‌పేట్‌లో ఒక కొత్త ఇల్లు కొలుస్తుండగా నడుం పట్టేసింది. గోడ పట్టుకుని లేవడానికి చాలాసేపు పట్టింది. షాపు యజమాని మంచివాడే. నెల రోజులు బయట కొలతలు వద్దనీ, కౌంటర్లో కూర్చుని బిల్లులు చూసుకోమనీ అన్నాడు. అప్పటికీ తగ్గకపోతే లేజర్ మీటరు కొని ఇంకొకరిని పంపుతానన్నాడు. ఆ మాట నడుం నొప్పికన్నా ఎక్కువ పీకింది. కొలతల పని పోతే నాకు షాపులో మిగిలేది కుర్చీ ఒక్కటే.

మా ఆయన పరుపు తీసేసి నేల మీద చాప వేశారు. పక్కింటావిడ మూడు రోజులు కదలకుండా పడుకోమంది. పడుకున్నాను. మూడో రోజు పక్కకు తిరగడానికి కూడా మా ఆయన చెయ్యి కావలసి వచ్చింది.

నాలుగో రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కాళ్ళు ఎత్తించి చూశారు. తిమ్మిరి ఉందా, కాలిలో బలం తగ్గిందా, మూత్రం ఆపుకోవడంలో ఇబ్బంది ఉందా, జ్వరం వచ్చిందా అని అడిగారు. అన్నిటికీ లేదన్నాను. స్కాన్ తీస్తే వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో తెలుస్తుంది కదా అని నేనే అడిగాను. అంకె లేని జబ్బు నాకు నమ్మకం కలిగించదు.

ఆయన నవ్వారు. "మీ వయసులో నొప్పి లేనివాళ్ళకు తీసినా ఏదో ఒకటి జరిగినట్టే కనిపిస్తుందమ్మా. ఆ అంకె చూసుకుని భయపడి మీరు ఇంకా కదలరు. నడవండి." తాను అడిగిన ఆ నాలుగింటిలో ఏది మొదలైనా ఆలస్యం చేయకుండా రమ్మని గట్టిగా చెప్పారు.

ఆయన అంకె ఇవ్వలేదు కాబట్టి నేనే మొదలుపెట్టాను. ఒక నోటుపుస్తకంలో గంట గంటకూ పనికో గడి, నొప్పికో గడి గీశాను. ఆ గంటలో ఏం ఎత్తాను, ఎంత వంగాను, నొప్పి పదికి ఎంత. నీళ్ళ బకెట్, బియ్యం బస్తా, మెట్రో మెట్లు, అన్నీ రాశాను. రెండు వారాలయ్యాక కూడా ఏదీ దేనితోనూ కలవలేదు. బకెట్ ఎత్తిన రోజు నొప్పి మూడు, ఏమీ ఎత్తని రోజు ఏడు. లెక్క తప్పడం నాకు అలవాటు లేదు. ఎక్కడ తప్పిందోనన్న ఆరాటంలో నొప్పిని కూడా అప్పుడప్పుడు మర్చిపోయేదాన్ని.

మూడో వారంలో సరూర్‌నగర్‌లో ఒక ఇంటికి టైల్స్ రంగు తేడా వచ్చిందంటే చూడడానికి వెళ్ళాను. అక్కడ పరుస్తున్న మేస్త్రిది నల్గొండ వైపు పల్లె, మా షాపుకు పాతవాడే. రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని అతనిది. ఇతని నడుం ఎందుకు పట్టదు? గడప దగ్గర నిలబడి లెక్కపెట్టాను. నాలుగు టైల్స్ పరిచాడు, లేచాడు, వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. మళ్ళీ నాలుగు, మళ్ళీ లేచాడు. ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ నాలుగే.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవ్? లైను వంకరొచ్చిందా?"

లైను బాగానే ఉందనీ, ప్రతి నాలుగింటికీ ఎందుకు లేస్తున్నావనీ అడిగాను.

"రెండేండ్ల కింద నాకు గూడ పట్టేసింది. మస్తు పరేషానైన. ఒక్క తీరుగ కూసుంటేనే పడ్తదని అప్పుడు ఎరుకైంది. గిప్పుడు లేస్తే లైను జూసినట్టుంటది, నడుముకు జర సుఖముంటది." నా వైపు చూసి అన్నాడు: "నీకేమక్కా, గిప్పుడు కుర్సీల కూసునే నౌకరి."

తిరిగొస్తూ షేర్ ఆటోలోనే నోటుపుస్తకం తీశాను. ఏమీ ఎత్తని, ఎక్కడా వంగని గంటలకు నేను పని గడులు ఖాళీగా వదిలేశాను. రాయడానికేమీ లేదనుకున్నాను. గది కొలిచేటప్పుడు తలుపుల, స్తంభాల చోటును లెక్కలోంచి తీసేసే అలవాటు ఇక్కడా పని చేసింది. ఆ ఖాళీ గడులు వరసగా నాలుగైదు వచ్చిన ప్రతి చోటా, దాని తర్వాత నొప్పి ఆరో ఏడో ఉంది. అవన్నీ కౌంటర్లో కుర్చీలో గడిపిన గంటలు. చాప మీద పడుకున్న మూడు రోజులు నోటుపుస్తకం కన్నా ముందువి. లేకుంటే అవి పేజీ నిండా ఖాళీగానే ఉండేవి.

మర్నాటి నుంచి నాలుగు బిల్లులకోసారి లేచి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. పొద్దున సరూర్‌నగర్ చెరువు వైపు నడక, మొదట పది నిమిషాలు, తర్వాత పావుగంట, అలా పెంచాను. ఒకరోజు సంబరపడి ఒకేసారి గంట నడిస్తే మర్నాడు మళ్ళీ ఆరు. పెంచేది కొంచెం కొంచెంగానే పెంచాలని ఆ ఆరు నేర్పింది.

నెల నిండిన రోజు ఒక ఇల్లు కొలిచి వస్తానని యజమానికి చెప్పాను. నమ్మకం లేకపోయినా పంపాడు. ఒక్కో గోడ కొలిచి లేచి నిలబడ్డాను, తర్వాతి గోడకు వెళ్ళాను. మామూలుకన్నా పావుగంట ఎక్కువ పట్టింది. హాల్లో ఉత్తరపు గోడ ముప్పావు అంగుళం లోపలికి ఉంది.

యజమాని లేజర్ మీటరు కొన్నాడు, కానీ నా చేతికే ఇచ్చాడు. దాన్ని ఎటు చూపిస్తే అటు పొడవు చెబుతుంది. ఎక్కడ చూపించాలో మాత్రం వంగి నేనే వెతుక్కోవాలి. నిన్న మూడు ఇళ్ళు కొలిచాను, నొప్పి రెండు. రెండెందుకో ఇంకా తేలలేదు. ఇప్పుడు కూర్చున్న గంటలు కూడా రాస్తున్నాను.